మూగజీవుల ముంగిట మన మర్యాద

హైదరాబాదులోని మీర్ ఆలం ఈద్‌గాహ్‌కూ నెహ్రూ జంతు ప్రదర్శనశాలకూ మధ్య దూరం ఎంతో లేదు. పండుగనాటి ఉదయం ఈద్‌గాహ్ మైదానంలో వేలాది నుదుళ్ళు ఒకేసారి సజ్దాలో వాలుతాయి. తక్బీర్ ధ్వనులు మీర్ ఆలం చెరువుగట్టు వరకూ వినిపిస్తాయి. నమాజు ముగిసి, ఆలింగనాలు పూర్తయి, ఇళ్ళలో షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయిన తరువాత అవే వీధులు మరో దిక్కుకు కదులుతాయి. కొత్త బట్టల పిల్లలు, అత్తరు పూసుకున్న యువకులు, బురఖాలలో తల్లులు, చేతికర్ర ఊతంగా వృద్ధులు బహదూర్‌పురా వైపు సాగిపోతారు. పాతబస్తీ కుటుంబాలకే కాదు, పండుగకు చుట్టపుచూపుగా నగరానికి వచ్చిన జిల్లాలవారికి కూడా జూ సందర్శన ఈద్ ఆనందంలో ఒక భాగమైపోయింది.

గత ఈదుల్ ఫిత్ర్ మరునాడు మేము కూడా ఆ జనప్రవాహంలో కలిసిపోయాము. కిషన్‌బాగ్‌లో ఉన్న మా వదినగారి ఇంటి నుండి మా తల్లిగారు, నా భార్య, పదకొండేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి, నేను బయలుదేరాము. వినోదం కోసం వెళ్ళినవాళ్ళము ఒక ప్రశ్నతోనూ, ఒక సిగ్గుతోనూ తిరిగి వచ్చాము. ఆ రెండింటినీ పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నగరం ఒడిలో మరో లోకం

నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న ప్రజల సందర్శనార్థం తెరుచుకుంది. దాదాపు 380 ఎకరాల విస్తీర్ణం. దానిని ఆనుకొని మీర్ ఆలం చెరువు ఉంది. 19వ శతాబ్దారంభంలో కట్టిన ఆ చెరువు ఆనకట్ట, 21 అర్ధవృత్తాకార కమానులను ప్రక్కప్రక్కన పేర్చినట్లుండే అపురూప నిర్మాణం. అంతకుముందు నగరంలో జంతువులను చూడాలంటే బాగ్-ఏ-ఆమ్‌కు, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్ళేవారు. ఆ తరం జ్ఞాపకాలలో అది ఇంకా మిగిలే ఉంది. బాగ్-ఏ-ఆమ్ నుండి 1963లో ఈ జూకు తరలివచ్చిన ఒక భారీ తాబేలు, సుమారు 125 ఏళ్ళ వయస్సులో 2024 మార్చిలో మరణించింది. నిజాముల పాలనను, స్వాతంత్ర్యాన్ని, రెండు రాష్ట్రాల ఏర్పాటును ఆ ప్రాణి మౌనంగా దాటి వచ్చింది. మా తల్లిగారు చిన్నతనంలో చూసిన తాబేలును నేను చూశాను. నా పిల్లలు కూడా చూశారు. ఒకే ప్రాణి మూడు తరాల సందర్శకులకు ఆతిథ్యమిచ్చిందన్నమాట.

మోకాళ్ళ నొప్పుల వల్ల మా తల్లిగారు బ్యాటరీ వాహనంలో కూర్చున్నారు. మేము నడక సాగించాము. చెట్ల నీడ దట్టంగా ఉన్నప్పటికీ ఎండ అప్పటికే తన ప్రతాపం చూపడం మొదలుపెట్టింది. పక్షుల వైపు వెళ్ళినప్పుడు మా అమ్మాయి తాను కంఠస్థం చేసిన ముల్క్ సూరాను గుర్తు చేసుకుంది. రెక్కలు చాస్తూ, ముడుస్తూ ఎగిరే పక్షులను ఆకాశంలో నిలిపి ఉంచేవాడు కరుణామయుడే కదా అన్న భావం గల ఆయతును ఆ పిల్ల మెల్లగా పఠించింది. తరగతి గదిలో నేర్చుకున్న ఆయతు అక్కడ దాని కళ్ళ ఎదుట రెక్కలు విప్పుకుంది.

నిజానికి దివ్య ఖుర్ఆన్ మన దృష్టిని పదేపదే జంతులోకం వైపు మళ్ళిస్తుంది. ఒంటె ఎలా సృష్టించబడిందో చూడరా అని ప్రశ్నిస్తుంది. పొట్టపై ప్రాకేవి, రెండు కాళ్ళపై నడిచేవి, నాలుగు కాళ్ళపై నడిచేవి అన్నిటినీ అల్లాహ్ నీటితోనే పుట్టించాడని నూర్ సూరా తెలుపుతుంది. ఆవు, పశువులు, తేనెటీగ, చీమ, సాలీడు, ఏనుగు వీటి పేర్లతో ఏకంగా సూరాలే ఉన్నాయి. అన్నిటికంటే మిన్నగా అన్‌ఆమ్ సూరా 38వ ఆయతు, నేలపై సంచరించే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మీవంటి సముదాయాలేనని ప్రకటిస్తుంది. ఉమ్మతులు అన్న పదాన్నే అక్కడ వాడటం గమనార్హం. జూలో మనం చూసేది కేవలం వస్తువులను కాదు. తమ ఉమ్మత్ నుండి వేరుపడి, మన నడుమ పరాయివిగా బ్రతుకుతున్న ప్రాణులను.

చిరుత ముందు ఎదురైన ప్రశ్న

చిరుతపులి నీడలో పడుకొని ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఊచల ఇవతల కనీసం నలభై, యాభైమంది ఉన్నాము. కొందరు యువకులు ఈలలు వేస్తున్నారు. ఒకరు సెల్‌ఫోన్‌లో సింహగర్జన వినిపిస్తున్నాడు. తల్లిదండ్రులు పిల్లలను భుజాల మీదికెత్తి చూపిస్తున్నారు. మా అమ్మాయి నా చేయి పట్టుకొని నెమ్మదిగా అడిగింది.

“అబ్బా, పిల్లిని కట్టేసి తిండి పెట్టని ఆడమనిషికి నరకశిక్ష పడిందని మదరసాలో చెప్పారు. చిరుత కూడా పిల్లి జాతేనని బడిలో చెప్పారు. మరి మనం టిక్కెట్టు కొనుక్కొని మరీ దీన్ని చూడవచ్చా?”

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇంటికి వెళ్ళాక చెబుతానని మాట దాటవేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఏళ్ళ తరబడి పండుగకు పండుగకు జూకు వెళుతున్నాము. ఏనాడూ మనకు రాని సందేహం ఒక పదకొండేళ్ళ పిల్లకు వచ్చింది. ధర్మం నేర్పిన పాఠాన్ని అది పుస్తకంలో వదిలిపెట్టకుండా వెంట తెచ్చుకుంది. మనం మాత్రం గేటు దగ్గరే వదిలేశామేమో!

నీటిగుర్రం నోరు, మా అబ్బాయి చేయి

అసలు పరీక్ష తరువాత ఎదురైంది. నీటిగుర్రాల మడుగు దగ్గర జనం ఎక్కువగా గుమిగూడారు. ఒక పెద్ద నీటిగుర్రం గట్టుకు దగ్గరగా వచ్చి నోరు తెరిచింది. ఆ నోటి వైశాల్యం చూసి పిల్లలంతా కేరింతలు కొట్టారు. ఎవరో అరటితొక్క విసిరారు. మరెవరో మొక్కజొన్న కండె విసిరారు. మేము ఆపేలోపే మా అబ్బాయి తన చేతిలోని బిస్కట్ల పొట్లాన్ని, రేపరుతో సహా, శక్తికొద్దీ విసిరేశాడు. అది నోట్లో పడలేదు. గట్టు అంచుకు తగిలి నీటిలో తేలింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. నిజం చెప్పాలంటే ఒక క్షణం నేను కూడా నవ్వాను.

లోపలి వైపు నుండి ఒక కీపరు వచ్చాడు. యాభై ఏళ్ళు పైబడిన మనిషి. పొడవాటి కర్రకు కట్టిన వలతో ఆ పొట్లాన్ని ఒడ్డుకు లాగి బయటకు తీశాడు. తడిసిన రేపరును మాకు చూపించాడు. ఆయన కోపగించుకొని ఉంటే మాకు సులువుగా ఉండేది. ఆయన కోపగించుకోలేదు.

“బాబూ, నువ్వు ప్రేమగానే వేశావు, నాకు తెలుసు. కానీ దానికి కవరు విప్పుకొని తినడం రాదు కదా” అన్నాడు మా అబ్బాయితో. తరువాత నా వైపు తిరిగి, “భాయ్‌సాబ్, ఇది నోరు తెరిస్తే ప్రతిసారీ ఆకలని కాదు. బెదిరించడానికి కూడా తెరుస్తుంది. దాని తిండి కొలిచి మేమే పెడతాము. నిన్న ఈద్ నమాజు ఇక్కడే ప్రక్కన చదువుకొని నేరుగా పనికి వచ్చాను. మనకు పండుగే గానీ వీటికి ఆకలి సెలవు తీసుకోదు కదా. పండుగ రోజుల్లో మాకు మేత వేయడం కన్నా ఇలాంటివి ఏరడమే పెద్ద పని” అన్నాడు.

ఆయన చేతిలోని సంచిలో అప్పటికే చాలా పేరుకున్నాయి. చిప్స్ పొట్లాలు, నీళ్ళ సీసాల మూతలు, ఒక చిన్నపిల్ల చెప్పు. మా అబ్బాయి తల వంచుకున్నాడు. నేను కూడా. ముందురోజు ఒకే మైదానంలో, బహుశా ఒకే వరుసలో, ఆయనా నేనూ సజ్దా చేసి ఉంటాము. ఆయన లేచి మూగజీవాలకు మేత పెట్టడానికి వెళ్ళాడు. నేను మరునాడు వాటి మడుగులో చెత్త పడుతుంటే నవ్వడానికి వచ్చాను.

సరదా మనకు, శిక్ష వాటికి

ఆనాటి నుండి ఈ విషయమై కొంత తెలుసుకునే ప్రయత్నం చేశాను. జూలో మనం అలవాటుగా చేసే పనులు జంతువుల పాలిట ఎలా పరిణమిస్తాయో ప్రతి తల్లీ తండ్రీ గ్రహించాలి.

మొదటిది తిండి. జింకలు, దుప్పులు, ఏనుగులు వంటి శాకాహార జంతువుల జీర్ణవ్యవస్థ పీచుపదార్థానికి అలవాటుపడి ఉంటుంది. నెమరువేసే జంతువు ఒక్కసారిగా రొట్టె, బిస్కట్లు, వండిన అన్నం ఎక్కువగా తింటే దాని పొట్టలో ఆమ్లం పెరిగిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. ప్లాస్టిక్ సంచి పొట్టలో చిక్కుకుంటే బయటకు రాదు. పొట్ట నిండినట్లే ఉండి జంతువు మేత మానివేస్తుంది. మన వీధుల్లో ఆవుల విషయంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పైగా కొలిచి పెట్టిన మేతను జంతువు తిన్నదా, వదిలేసిందా అన్నదాన్ని బట్టే సంరక్షకులు దాని ఆరోగ్యాన్ని గుర్తిస్తారు. మనం విసిరిన తిండి ఆ లెక్కను తారుమారు చేస్తుంది.

రెండవది శబ్దం. సింహం రోజులో ఎక్కువ భాగం విశ్రాంతిలోనే గడుపుతుంది. అది సోమరితనం కాదు, సృష్టికర్త దానికి ఏర్పరచిన జీవన విధానం. లేపాలని అరవడం, ఈలలు వేయడం, రాళ్ళు రువ్వడం మన ఇంట్లో నిద్రిస్తున్న రోగిని తట్టి లేపి నవ్వడం వంటిదే. జింకల వంటి బెదురుగొడ్లు హఠాత్తుగా అరుపులు విని పరుగెత్తి కంచెకు గుద్దుకుంటాయి. పాములకు బయటికి కనిపించే చెవులు లేకపోయినా ప్రకంపనలను గ్రహిస్తాయి. అద్దం మీద మనం కొట్టే ప్రతి దెబ్బా వాటికి చేరుతుంది. నిశాచర జంతువుల గృహంలో పగలే రాత్రి వాతావరణం కల్పిస్తారు, ఆ జీవులు మెలకువతో కదలాడటం మనం చూడగలగాలని. అక్కడ సెల్‌ఫోన్ లైటు వేయడమంటే వాటి రాత్రిని లాక్కోవడమే.

మూడవది మన శ్వాస. 2021 మే నెలలో ఇదే జూలోని ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా వైరస్ సోకినట్లు నిర్ధారణ అయింది. మన దేశంలో జూ సింహాలలో అలా బయటపడటం అదే మొదలు. అల్లాహ్ దయవల్ల అవి కోలుకున్నాయి. మనుషుల జబ్బులు జంతువులకూ చేరగలవనడానికి అది కళ్ళు తెరిపించిన సంఘటన. కోతులకు, చింపాంజీలకు మన జలుబు, క్షయ వంటివి సోకే అవకాశం మరీ ఎక్కువ. సగం కొరికిన జామకాయను కోతికి అందించే తండ్రికి ఈ సంగతి తెలియదు.

నాలుగవది హద్దు దాటడం. 2014 సెప్టెంబరులో ఢిల్లీ జూలో ఒక యువకుడు తెల్లపులి కందకంలో పడి మరణించిన సంఘటన దేశమంతా చూసింది. పైనున్న జనం కేకలు వేసి, రాళ్ళు విసిరిన దృశ్యాలు కూడా చూసింది. హైదరాబాదు జూలోనే 2021 నవంబరులో ఒక వ్యక్తి ఆఫ్రికా సింహం ఎన్‌క్లోజరు పైనున్న బండరాయి అంచు వరకూ వెళ్ళగా, సిబ్బంది అతడిని ప్రాణాలతో కాపాడారు. సెల్ఫీ కోసం పిల్లవాడిని గోడ మీద కూర్చోబెట్టే ముందు ఈ రెండు ఘటనలూ గుర్తుకు రావాలి.

ఇవన్నీ కేవలం మర్యాదకు సంబంధించినవే కావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షన్ ప్రకారం జూలో జంతువులను ఆటపట్టించడం, గాయపరచడం, తిండి పెట్టడం, శబ్దంతో కలవరపెట్టడం, ఆవరణలో చెత్త వేయడం నేరాలు. చట్టానికి భయపడేవాడు కాపలాదారు ఉన్నంతసేపే జాగ్రత్తగా ఉంటాడు. అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ గలవాడికి కాపలాదారు అవసరం లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ప్రశ్నకు జవాబు

ఇక మా అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాము. జీవులను బంధించి ఉంచడం ధర్మసమ్మతమేనా?

పిల్లి హదీసును జాగ్రత్తగా చదివితే, ఆ స్త్రీ చేసిన నేరం ఏమిటో స్పష్టంగా తెలుస్తుంది. ఆమె పిల్లిని బంధించింది, తిండి పెట్టలేదు, తానై తిండి వెతుక్కోవడానికి విడిచిపెట్టనూ లేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసు, బంధించినవాడిపై బాధ్యత ఎంత బరువైనదో చెబుతోంది. తనంతట తాను బ్రతికే స్వేచ్ఛను మనం తీసేసుకున్నామంటే, దాని బ్రతుకు భారమంతా మన మెడపై పడిందన్నమాట.

మరోవైపు హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఉదంతం ఉంది. ఆ పసివాడి దగ్గర ఆడుకోవడానికి ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉన్నప్పుడు మహాప్రవక్త ముహమ్మద్ (స) అతడిని ముద్దుపేరుతో పిలిచి, ఆ పిట్ట ఏమైందని ప్రేమగా పలకరించారు. పిట్టను పెంచుకున్నందుకు మందలించలేదు. తగిన తిండి, నీరు, సంరక్షణ ఇస్తూ, హింసించకుండా పక్షులను ఉంచుకోవడం అనుమతించబడినదేనని ధర్మవేత్తలు ఈ హదీసు ఆధారంగా అభిప్రాయపడ్డారు.

ఈ రెండు హదీసులనూ ప్రక్కప్రక్కన పెడితే మార్గం తేటతెల్లమవుతుంది. బోను స్వతహాగా పాపం కాదు. బోనులో ఉన్న ప్రాణి పట్ల నిర్లక్ష్యం పాపం. ఆ ప్రాణి మన చేతిలో ఒక అమానత్. క్రీస్తుశకం 1262లో మరణించిన ప్రఖ్యాత ధర్మవేత్త ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలామ్ (రహ్మ) మనిషిపై జంతువులకు గల హక్కులను ఒక జాబితాగా వ్రాశారు. ముసలిదైనా, జబ్బుపడినా, దానివల్ల ఇక ఏ ప్రయోజనమూ లేకపోయినా మేత పెట్టాలి. శక్తికి మించిన బరువు మోపరాదు. దానిని గాయపరిచే మరో జంతువుతో కలిపి ఉంచరాదు. జోడుతో కలిసే అవకాశం కల్పించాలి. ఏడున్నర శతాబ్దాల నాటి ఆ జాబితాను చదువుతుంటే నేటి జూ నిర్వహణ నియమావళిలోని పుటలు చూస్తున్నట్లే ఉంటుంది. మన దేశంలో జూలను పర్యవేక్షించేందుకు కేంద్ర జూ ప్రాధికార సంస్థ 1992లో ఏర్పడింది. వారానికి కనీసం ఒకరోజు సందర్శకులకు గేట్లు మూసి జంతువులకు విరామం ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. హైదరాబాదు జూకు సోమవారం సెలవు అందుకే.

బోనులలో కొన్ని తిరిగి అడవికి దారి తీస్తాయన్నది మనలో చాలామందికి తెలియని విషయం. మూషిక జింక అనే ఒక చిన్న ప్రాణి ఉంది. పేరుకు జింకే గానీ కొమ్ములుండవు. బరువు కొద్ది కిలోలు మాత్రమే. అడవిలో దీని సంఖ్య తగ్గిపోతున్న దశలో, నెహ్రూ జూలో సీసీఎంబీ శాస్త్రవేత్తల సహకారంతో 2010లో సంతానోత్పత్తి కార్యక్రమం మొదలైంది. కొద్దిపాటి జంతువులతో మొదలై అవి వృద్ధి చెందగా, 2017 నుండి నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచిపెట్టసాగారు. ఆసియా సింహం విషయమే చూడండి. ఒకప్పుడు పశ్చిమాసియా నుండి ఉత్తర భారతం వరకూ తిరిగిన ఆ మృగరాజు, నేడు సహజ ఆవాసంలో గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలో మాత్రమే మిగిలాడు. 2025 లెక్కల ప్రకారం వాటి సంఖ్య 891. ఒకే చోట ఉన్న జాతికి ఒక్క అంటువ్యాధి చాలు. అటువంటప్పుడు ఇతర చోట్ల సంరక్షణలో ఉన్న సింహాలు ఆ జాతికి ఆసరా.

కాబట్టి అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. బంధించినవారికి తిండి పెట్టే బాధ్యత ఉంది, వైద్యం చేయించే బాధ్యత ఉంది. దాని లెక్క వారు అల్లాహ్‌కు ఇచ్చుకుంటారు. చూడటానికి వెళ్ళిన మనకూ ఒక బాధ్యత ఉంది. అడవిలోనైతే మన అల్లరి భరించలేని జంతువు పొదల్లోకి వెళ్ళిపోతుంది. ఇక్కడ అది ఎక్కడికీ వెళ్ళలేదు. తప్పించుకునే చోటు లేని ప్రాణి ముందు నిలబడినప్పుడు మన నిజస్వభావం బయటపడుతుంది. దాని లెక్క మనమే ఇచ్చుకోవాలి.

కారుణ్యమూర్తి (స) బాట

మహాప్రవక్త (స) జీవితంలో ఈ స్ఫూర్తి అడుగడుగునా కనిపిస్తుంది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పక్షి పిల్లలు రెండింటిని పట్టుకున్నారు. తల్లిపక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లసాగింది. ఆయన (స) అది చూసి, దీనికి కడుపుకోత పెట్టినవారెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. మరోసారి ఒక అన్సారీ సోదరుని తోటలోకి వెళ్ళినప్పుడు అక్కడి ఒంటె ఆయనను చూసి మూలిగి కన్నీరు కార్చింది. ఆయన (స) దాని తల నిమిరి శాంతింపజేశారు. ఆకలితో మాడుస్తూ, చాకిరీతో అలసిపోయేలా చేస్తున్నావని అది ఫిర్యాదు చేస్తోందంటూ దాని యజమానిని హెచ్చరించారు. ఈ రెండూ అబూ దావూద్ గ్రంథంలో ఉన్నాయి.

హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమర్ (రజి) ఒకసారి ఖురైష్ యువకుల ప్రక్క నుండి వెళుతున్నారు. వారు ఒక పక్షిని కట్టి, దానిపై బాణాలతో గురి చూసి ఆడుకుంటున్నారు. ఆయనను చూడగానే చెదిరిపోయారు. ప్రాణమున్న దేనినైనా గురిగా చేసుకునే వారిని మహాప్రవక్త (స) శపించారని ఆయన తెలిపారు. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసు చదివినప్పుడల్లా నాకు బోనుల ముందు రాళ్ళు పట్టుకున్న మన పిల్లలు గుర్తుకొస్తారు. కదలలేని ప్రాణి, దాని మీద గురి, చుట్టూ నవ్వులు. బాణం స్థానంలో మొక్కజొన్న కండె ఉంది, అంతే తేడా. మరోవైపు, దాహంతో నాలుక వ్రేలాడేసిన కుక్కకు తన తోలుమేజోడుతో బావి నీరు తోడి పోసిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడన్న శుభవార్త కూడా మన దగ్గరే ఉంది. స్వర్గనరకాల మధ్య ఒక పిల్లి, ఒక కుక్క నిలబడిన ధర్మం మనది. ఆ ధర్మాన్ని నమ్మేవారి పిల్లలు జూలో ఎలా ప్రవర్తిస్తున్నారన్నది చిన్న విషయం కాదు.

పండుగకు వెళ్ళేముందు

జూ సందర్శన మానుకొమ్మని చెప్పడం నా ఉద్దేశం కాదు. పిల్లలు సృష్టి వైవిధ్యాన్ని కళ్ళారా చూడాలి. సుబ్‌హానల్లాహ్ అన్న పలుకు వారి నోటి నుండి సహజంగా వెలువడాలి. అయితే కొన్ని ఏర్పాట్లు ఇంటి దగ్గరే చేసుకోవాలి.

వెళ్ళేముందు రాత్రి పిల్లలను కూర్చోబెట్టి రెండు హదీసులు చెప్పండి, పిల్లిది ఒకటి, కుక్కది ఒకటి. రేపు మనం అతిథులుగా వెళుతున్నామని, ఆ ఇళ్ళు జంతువులవని గుర్తు చేయండి. పరాయి ఇంటి తలుపు తట్టి అనుమతి అడగమని నేర్పిన ధర్మం, తలుపే లేని ఇంటి ముందు మరింత మర్యాద కోరుతుంది. పండుగ రోజే వెళ్ళాలన్న పట్టింపు వద్దు. వీలైతే రద్దీ తగ్గాక, ఉదయాన్నే వెళ్ళండి. ఎండ ముదరక ముందు జంతువులూ చురుకుగా ఉంటాయి, వృద్ధులకూ అలసట ఉండదు. తినుబండారాలు ఒకచోట కూర్చొని తినండి, చేతిలో పట్టుకొని బోనుల దగ్గరికి వెళ్ళకండి. ఖాళీ పొట్లాల కోసం ఒక గుడ్డసంచి వెంట ఉంచుకోండి. జుహర్ వేళను ముందే లెక్క వేసుకోండి. విహారంలో నమాజు తప్పితే ఆ విహారంలో బర్కత్ ఉండదు.

అన్నీ చూసి తీరాలన్న ఆరాటం కూడా తగ్గించుకోవాలి. 380 ఎకరాలను ఒక్క పూటలో పరుగున చుట్టేస్తే పిల్లలకు మిగిలేది కాళ్ళనొప్పులే. ఐదారు జంతువుల దగ్గర నింపాదిగా నిలబడండి. దాని కాళ్ళు చూడండి, చెవులు చూడండి, అది ఏం తింటుందో బోర్డు మీద చదివించండి. ఒక్క జంతువు దగ్గర పది నిమిషాలు మౌనంగా నిలిచిన పిల్లవాడు, వంద జంతువుల ముందు అరిచినవాడికన్నా ఎక్కువ చూస్తాడు. ఎవరైనా రాళ్ళు విసురుతుంటే మృదువుగా వారించండి. చెడును ఆపడమన్నది మస్జిదు గోడల లోపలికే పరిమితం కాదు. చివరగా, అక్కడ పనిచేసే మనుషులకు సలాము చెప్పండి. మన పండుగ రోజున వారికి పండుగ లేదు.

ఆనాటి సాయంత్రం

తిరుగుదారిలో మా తల్లిగారు మనవడి ముఖం చూసి ఏమైందని అడిగారు. వాడే అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. ఆమె వాడి తల నిమిరి, తప్పు తెలుసుకోవడమే సగం తౌబా, మిగతా సగం మళ్ళీ చేయకపోవడం అన్నారు.

ఆ రాత్రి బట్టలు మారుస్తున్నప్పుడు వాడి కొత్త కుర్తా జేబు ఉబ్బెత్తుగా కనిపించింది. తీసి చూస్తే నాలుగు చాక్లెట్ కాగితాలు, ఒక నీళ్ళ సీసా మూత. చాక్లెట్లు వాడు తిన్నవే. సీసా మూత మాత్రం మాది కాదు. అడిగితే, నీటిగుర్రాల దగ్గర క్రింద పడి ఉంటే తీశానన్నాడు. “ఆ చాచా దగ్గర సంచి నిండిపోయింది కదా అబ్బా” అన్నాడు.

అతడికి నేనేమీ చెప్పలేదు. మూతను చెత్తబుట్టలో వేసి, దీపం ఆర్పాను.